దూరాలను కొలిచిన మహామనీషి – అల్ బిరూనీ

రెండు సుదూర నగరాల మధ్య దూరం ఎంత? మానవుడు ప్రయాణం నేర్చుకున్ననాటి నుండి వేసుకుంటూ వస్తున్న ప్రశ్న ఇది. కాలినడకన పోయేవాడు దీనికి రోజులలో సమాధానం చెప్పాడు. ఒంటెల బిడారుతో పోయేవాడు మజిలీలలో చెప్పాడు. ఓడలో పోయేవాడు గాలివాటును బట్టి చెప్పాడు. నేడు విమానంలో పోయేవాడు గంటలలో చెబుతున్నాడు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియాకు చెందిన మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుండి బెంగుళూరుకు మధ్యలో ఎక్కడా ఆగకుండా విమానాన్ని నడిపి తెచ్చారు. ఆ రెండు విమానాశ్రయాల మధ్య తిన్నని దూరం దాదాపు 14,000 కిలోమీటర్లు. ప్రయాణకాలం సుమారు 17 గంటలు. గోడకు వ్రేలాడే ప్రపంచపటం మీద ఈ రెండు నగరాలను కలుపుతూ గీత గీస్తే అది ఉత్తర ధ్రువానికి చాలా దూరంగా పోతుంది. కాని ఆ విమానం ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా వచ్చింది. భూమి పటంవలె చదునైనది కాదు, గోళాకారమైనది కావడమే ఇందుకు కారణం. గోళం మీద రెండు స్థలాల మధ్య అతి సమీపమైన దారి మహావృత్తపు చాపం. అంటే భూమిని సరిగ్గా రెండు సమభాగాలుగా ఖండించే వృత్తంలోని ఒక ముక్క.

ఇటువంటి దూరాన్ని లెక్కించడానికి మూడు విషయాలు తెలియాలి. రెండు స్థలాల అక్షాంశ రేఖాంశాలు తెలియాలి. భూమి ఎంత పెద్దదో తెలియాలి. గోళం మీద గీసిన త్రిభుజాలను సాధించగల గణితం తెలియాలి. విమానం కాదు గదా, గడియారం కూడా సరిగా లేని కాలంలో, వెయ్యి సంవత్సరాలకు పూర్వం, ఈ మూడింటి కోసం తన జీవితాన్ని ధారపోసిన విజ్ఞాని అబూ రైహాన్ మహమ్మద్ ఇబ్న్ అహ్మద్ అల్ బిరూనీ. మన దేశాన్ని గురించి మహాగ్రంథం వ్రాసిన వాడుగా చరిత్ర విద్యార్థులకు ఆయన సుపరిచితుడే. ఆయన కొలతల కథ మాత్రం అంతగా ప్రచారంలో లేదు. ఆ కథను సంగ్రహంగా తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జననము – విద్యాభ్యాసము

అల్ బిరూనీ క్రీ.శ. 973 సెప్టెంబరు 4వ తేదీన ఖ్వారిజమ్ దేశంలో జన్మించాడు. ఈ దేశం అరల్ సముద్రానికి దక్షిణంగా, అమూ దర్యా నది పొడుగునా వ్యాపించి ఉండేది. నేడు అందులో కొంత ఉజ్బెకిస్తాన్‌లోను, కొంత తుర్క్‌మెనిస్తాన్‌లోను ఉన్నది. నాటి రాజధాని కాత్ నగరం. ఆయన పుట్టినది నగర ప్రాకారాల వెలుపలి పేటలో. పారశీక భాషలో బిరూన్ అంటే వెలుపల అని అర్థం. వెలుపలి పేటవాడు గనుక బిరూనీ అయినాడు. ఆ పేరే చరిత్రలో శాశ్వతమైపోయింది. ఆ ప్రాంతపు పట్టణానికి నేడు బెరునీ అనే పేరు.

బాల్యంలోనే ఆయనకు గొప్ప గురువు లభించాడు. ఖ్వారిజమ్‌ను పాలించిన వంశానికి చెందిన రాకుమారుడు అబూ నసర్ మన్సూర్ ఆయనకు గణితం, ఖగోళశాస్త్రం నేర్పాడు. గోళం మీది త్రిభుజాలను సాధించే గణితానికి కొత్త మార్గాలు తెరచినవారిలో అబూ నసర్ ఒకడు. రాజకుటుంబీకుడై యుండి వెలుపలి పేట పిల్లవానిని చేరదీసి చదువు చెప్పిన ఆ గురువు, తరువాతి కాలంలో తాను వ్రాసిన గ్రంథాలు కొన్నింటిని శిష్యుని పేర అంకితం చేశాడు. గురుశిష్య సంబంధానికి ఇంతకన్నా చక్కని ఉదాహరణ అరుదు.

పదిహేడేళ్ళ వయస్సులోనే బిరూనీ అర డిగ్రీల చొప్పున గీతలు గీసిన ఒక లోహవలయంతో మధ్యాహ్న సూర్యుని ఎత్తును కొలిచి, కాత్ నగరపు అక్షాంశాన్ని నిర్ణయించాడు. తరువాత నాలుగేళ్ళకు పదిహేను మూరల వ్యాసంగల పెద్ద వలయాన్ని సిద్ధం చేసుకొన్నాడు. పట్టణాల మధ్య దూరాలను గుర్తించడానికి పది మూరల వ్యాసంగల అర్ధగోళాన్ని కూడ నిర్మించాడు. యాత్రికులను, వర్తకులను అడిగి తెలుసుకొన్న దూరాలను దాని మీద ఎక్కించి, ఒక్కొక్క పట్టణం భూగోళం మీద ఎక్కడ ఉన్నదో తేల్చాలన్నది ఆ యువకుని సంకల్పం. అప్పటికి ఆయన వయస్సు ఇరవై రెండు దాటలేదు.

ప్రవాస జీవితము

కాని 995లో ఖ్వారిజమ్‌లో అంతర్యుద్ధం చెలరేగింది. ఉత్తరాన గుర్గాంజ్ పట్టణాన్ని ఏలుతున్న అమీరు కాత్ మీదికి దండెత్తి, పాత వంశపు రాజును చంపించి రాజ్యాన్ని ఆక్రమించాడు. గురువు గారి వంశం పతనమైంది. శిష్యుడు అన్నీ వదలుకొని దేశాంతరం పట్టవలసి వచ్చింది. కష్టపడి నిర్మించుకొన్న వలయం, అర్ధగోళం, సేకరించిన దూరాల పట్టికలు చెల్లాచెదరయ్యాయి.

కొంతకాలం ఆయన నేటి టెహ్రాన్ సమీపాన ఉన్న రయ్ నగరంలో దుర్భర దారిద్ర్యంలో గడిపాడు. అక్కడ ఒక ధనిక జ్యోతిష్కుడు ఏదో శాస్త్ర విషయమై వాదం వచ్చినపుడు, బిరూనీ చెప్పినది పరీక్షించకుండానే పేదవాని మాటగా తీసిపారవేశాడట. తరువాత బిరూనీ పరిస్థితి కొంత మెరుగుపడగానే ఆ మనిషే స్నేహానికి చేయి చాచాడు. ఈ అనుభవాన్ని బిరూనీ తన గ్రంథంలో ఏ ద్వేషమూ లేకుండా నమోదు చేశాడు. మాటలోని సత్యం చెప్పినవాని సంపదను బట్టి మారదని ఆయన అప్పుడే గ్రహించాడు.

రయ్‌లోనే ఆయన ఖుజందీ అనే శాస్త్రజ్ఞుని కలుసుకొన్నాడు. ఖుజందీ అక్కడ ఒక కొండ మీద బ్రహ్మాండమైన కట్టడం నిర్మించి, పైకప్పు రంధ్రం గుండా పడే సూర్యకిరణం సాయంతో 994లో సూర్యుని అయనాంతపు ఎత్తులను కొలిచాడు. అంత పెద్ద పరికరం అంతకుముందు ఎవరూ నిర్మించలేదు. అయినా ఫలితంలో లోపం వచ్చింది. కట్టడం బరువుకు పైకప్పు రంధ్రం జానెడు మేర క్రుంగిందని ఖుజందీయే బిరూనీకి చెప్పాడు. పరికరం ఎంత పెద్దదైనా పునాది కదిలితే కొలత తప్పుతుందన్న ఈ పాఠాన్ని బిరూనీ జీవితాంతం మరువలేదు. అందుకే ఒకే సంఖ్యను రెండు మూడు వేర్వేరు మార్గాలలో సాధించి పోల్చి చూడనిదే ఆయన తృప్తి చెందేవాడు కాదు.

రెండు నగరాలు – ఒక గ్రహణము

అక్షాంశాన్ని కొలవడం అంత కష్టం కాదు. మధ్యాహ్న సూర్యుని ఎత్తు గాని, రాత్రివేళ ధ్రువం చుట్టూ తిరిగే నక్షత్రాల ఎత్తు గాని తెలిస్తే చాలు. రేఖాంశం అలా కాదు. ఒక నగరం మరొక నగరానికి ఎంత తూర్పున ఉన్నదో ఆకాశం తనంతట తానుగా చెప్పదు. తూర్పున ఉన్నవారికి సూర్యుడు ముందుగా ఉదయిస్తాడు గనుక రెండు నగరాల స్థానిక కాలాలలో తేడా ఉంటుంది. గంటకు పదిహేను డిగ్రీల చొప్పున ఆ తేడాను రేఖాంశంగా మార్చవచ్చు. కాని కాత్ నగరంలో ఉన్నవానికి అదే క్షణంలో బాగ్దాదులో ఎంత సమయమైనదో తెలిసేదెట్లా? నాడు తంతి లేదు, రేడియో లేదు. నెలల తరబడి ప్రయాణంలో సమయాన్ని తప్పకుండా నిలబెట్టే గడియారం లేదు.

ఇందుకు ఒక ఉపాయం ఉన్నది. చంద్రుడు భూమి నీడలో ప్రవేశించే క్షణం భూమి మీద ఎవరికైనా ఒకటే. ఆ క్షణాన రెండు నగరాలలోను స్థానిక కాలాన్ని గుర్తించుకొంటే, రెండింటి తేడాయే రేఖాంశ భేదం. ఈ సూత్రం ప్రాచీనులకు కూడ తెలుసు. తెలిసినా ఆచరణలో పెట్టడం కష్టం. దూరదూరాన ఉన్న ఇద్దరు సమర్థులైన పరిశీలకులు ముందుగా ఒక ఒప్పందానికి రావాలి. ఇద్దరికీ ఆకాశం నిర్మలంగా ఉండాలి. ఇద్దరూ నిజాయితీగా వ్రాసుకోవాలి.

క్రీ.శ. 997 మే 24వ తేదీన చంద్రగ్రహణం పట్టింది. అప్పటికి బిరూనీ మళ్ళీ కాత్‌కు వచ్చి ఉన్నాడు. ఆయన వయస్సు ఇరవై మూడు. బాగ్దాదులో నాటి గణితజ్ఞులలో అగ్రగణ్యుడైన అబుల్ వఫా బూజ్జానీ ఉన్నాడు. ఆయనకు యాభై ఏడేళ్ళు నిండబోతున్నాయి. ఇద్దరూ ముందుగా ఉత్తరాల ద్వారా ఏర్పాటు చేసుకొని, ఒకే గ్రహణాన్ని ఎవరి నగరంలో వారు పరిశీలించారు. కాలభేదం సుమారు ఒక గంట అని తేలింది. నేటి లెక్క ప్రకారం ఆ రెండు స్థలాల మధ్య భేదం ఒక గంటా ఐదు నిమిషాలు. అబుల్ వఫా ఆ మరుసటి సంవత్సరమే మరణించాడు.

ఈ సంఘటనను నేటి లెక్కలలో చూస్తే దాని గొప్పతనం బోధపడుతుంది. కాత్ నుండి బాగ్దాదుకు గగనమార్గాన దూరం సుమారు 1,700 కిలోమీటర్లు. నేటి జెట్ విమానానికి అది రెండు గంటల పై చిలుకు ప్రయాణం. నాటి బిడారుకు ఎడారులు, కొండలు, నదులు దాటుకొంటూ పోవడానికి నెలన్నర నుండి రెండు నెలలు పట్టేది. ఏ దారిన పోయినవాడు ఆ దారి దూరాన్నే చెప్పేవాడు. బిరూనీ మాత్రం ఉన్నచోటనే నిలబడి, చంద్రుని సాక్షిగా, దారులతో నిమిత్తం లేని నిజమైన దూరానికి తొలిమెట్టు వేశాడు.

ఆస్థానాలలో

1000 ప్రాంతంలో కాస్పియన్ సముద్ర తీరాన గుర్గాన్ పాలకుడైన ఖాబూస్ ఆయనకు ఆశ్రయమిచ్చాడు. వివిధ జాతుల శకాలను, పంచాంగాలను, పండుగలను పోల్చి పరిశీలించే గ్రంథాన్ని బిరూనీ ఆ పాలకునికి అంకితం చేశాడు. ఖాబూస్ విద్వాంసుడే అయినా క్రూరుడు. మంత్రిపదవి స్వీకరించమని కోరినా బిరూనీ అంగీకరించలేదని అంటారు. అక్కడ ఉన్నప్పుడే 1003లో రెండు చంద్రగ్రహణాలను పరిశీలించాడు. ఆ మరుసటి ఏటికి స్వదేశమైన ఖ్వారిజమ్ చేరి, కొత్త పాలకుల ఆస్థానంలో గౌరవ స్థానం సంపాదించాడు. యువకుడైన ఇబ్న్ సీనాతో ఆయన జరిపిన శాస్త్ర వాదోపవాదాలు కూడ విజ్ఞాన చరిత్రలో ప్రసిద్ధమైనవి.

ఖ్వారిజమ్‌లో ఏడు సంవత్సరాలు ఆయన షాకు సలహాదారుగా పని చేశాడు. దక్షిణాన గజ్నీ సుల్తాను మహమూదు బలం నానాటికి పెరుగుతున్న కాలమది. చిన్న రాజ్యాన్ని ఆ ఉప్పెన నుండి కాపాడడానికి ఎంత రాజనీతి అవసరమో అంతా వినియోగించినా ఫలితం లేకపోయింది. 1017లో సైనికులు తిరుగుబాటు చేసి షాను చంపివేశారు. అదే అదనుగా మహమూదు ఖ్వారిజమ్‌ను జయించి, బిరూనీని, ఆయన గురువు అబూ నసర్‌ను, మరికొందరు పండితులను గజ్నీకి తరలించుకొని పోయాడు. నలభై నాలుగేళ్ళ వయస్సులో బిరూనీ రెండవసారి సర్వస్వం కోల్పోయాడు.

గజ్నీలో

ఇక్కడ ఆయన చేసిన పని ప్రతి విద్యార్థి తెలుసుకోదగినది. 1018 అక్టోబరులో ఆయన కాబూలు సమీపాన ఒక పల్లెలో ఉన్నాడు. చేతిలో ఏ పరికరమూ లేదు. మనస్సు కలతబడి ఉన్నది. అయినా సూర్యుని ఎత్తు కొలవాలన్న కోరిక చావలేదు. లెక్కలు వేసుకొనే పలకను త్రిప్పి, దాని వెనుక వైపు వృత్తభాగాన్ని గీసి, డిగ్రీలు గుర్తించి, దారానికి బరువు కట్టి వ్రేలాడదీసి, దానినే పరికరంగా చేసుకొన్నాడు. ఆ పలకతో ఆ పల్లె అక్షాంశాన్ని తేల్చాడు. సాధన సంపత్తి లేదని చదువు మానుకొనేవారికి ఇంతకన్న మంచి సమాధానం ఏమి కావాలి?

గజ్నీలో ఆయన పూర్తిగా స్వతంత్రుడు కాదు, పూర్తిగా ఖైదీ కాదు. సుల్తాను ఆస్థానంలో జ్యోతిష్కుడుగా ఉన్నాడు. క్రమంగా పరికరాలు సమకూరాయి. అప్పుడు ఆయన తన చిరకాల సంకల్పాన్ని తిరిగి చేపట్టాడు. గజ్నీ నగరం భూగోళం మీద సరిగ్గా ఎక్కడ ఉన్నది? బాగ్దాదుకు అది ఎంత తూర్పున ఉన్నది? ఇందులో మతపరమైన అవసరం కూడ కలదు. గజ్నీవాసులు నమాజు వేళ మక్కా దిశగా నిలబడాలంటే, రెండు నగరాల స్థానాలు సరిగా తెలియాలి. గోళం మీద దిక్కును నిర్ణయించడమంటే దూరాన్ని నిర్ణయించడం వంటిదే. రెండింటికీ గణితం ఒకటే.

నగరాల స్థానాలను నిర్ణయించే ఆ గ్రంథాన్ని ఆయన 1025లో పూర్తి చేశాడు. దాని పేరు సంక్షిప్తంగా తహదీద్. అందులో ఆయన అనుసరించిన పద్ధతి మిక్కిలి ఆసక్తికరమైనది. బాగ్దాదు నుండి గజ్నీ దాకా ఒకే అంగలో కొలవడం సాధ్యం కాదు గనుక, మధ్య నగరాలను మెట్లుగా చేసుకొన్నాడు. ఉత్తరాన రయ్, గుర్గాంజ్, బల్ఖ్ మీదుగా ఒక వరుస. దక్షిణాన షీరాజ్, సిజిస్తాన్ మీదుగా మరొక వరుస. ప్రతి నగరానికి అక్షాంశం ఆకాశం నుండి తెలుసుకొన్నాడు. ప్రతి రెండు నగరాల మధ్య దూరాన్ని బిడారులు లెక్కించే ఫర్సఖ్‌ల నుండి తీసుకొన్నాడు. ఫర్సఖ్ అంటే సుమారు ఆరు కిలోమీటర్లు, మన వాడుకలో రెండు క్రోసులు.

అయితే బిడారు దారి తిన్నగా పోదు. నీటి బావుల కోసం ప్రక్కకు తిరుగుతుంది, కొండను చుట్టుకొని పోతుంది. అందుచేత బిరూనీ దారి స్వభావాన్ని బట్టి, సాధారణంగా ఆరవ వంతు దూరాన్ని తగ్గించి, మిగిలినదానిని తిన్నని దూరంగా గ్రహించాడు. రెండు అక్షాంశాలు, మధ్య దూరం తెలిస్తే రేఖాంశ భేదం లెక్కకు వస్తుంది. నేడు రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు తెలిసి, వాటి మధ్య దూరాన్ని కనుగొంటారు. బిరూనీ దూరం తెలిసి, రేఖాంశాన్ని కనుగొన్నాడు. ఒకే గోళీయ సంబంధాన్ని ఇటు నుండి చదివినా, అటు నుండి చదివినా ఒకటే.

రెండు వరుసల ఫలితాలను పోల్చి, సరిచూచి ఆయన తేల్చిన బాగ్దాదు–గజ్నీ రేఖాంశ భేదంలో దోషం ఒక డిగ్రీలో మూడవ వంతుకు మించలేదు. నేల మీద అది ముప్పై కిలోమీటర్లకు లోపు. ఆ రెండు నగరాల మధ్య గగనదూరం సుమారు 2,200 కిలోమీటర్లు. ఒంటెల అడుగులు, వర్తకుల మాటలు ఆధారంగా చేసిన లెక్క ఇంత దగ్గరగా రావడం ఆశ్చర్యకరం. ఆయన కాలానికి ప్రాచీన గ్రీకుల పట్టికలలోని రేఖాంశాలలో ఎన్నో డిగ్రీల పొరపాట్లు చలామణిలో ఉండేవి. తహదీద్ వ్రాతప్రతి ఒకే ఒక్కటి ఇస్తాంబుల్‌లో మిగిలి, ఈ చరిత్రను మనకు అందించింది.

నందనా కోట

ఇక మూడవ అంశం భూమి పరిమాణం. బిరూనీకి దాదాపు రెండు శతాబ్దాల ముందు ఖలీఫా మామూన్ ఆజ్ఞ మేరకు పండితులు ఎడారి మైదానంలో ఉత్తర దక్షిణాలుగా నడిచి, ఒక డిగ్రీకి ఎన్ని మైళ్ళో కొలిచారు. 56 మైళ్ళు, మరి మూడింట రెండు వంతుల మైలు అని వారి లెక్క. ఆ మైలు నేటి మైలు కన్న పెద్దది. అటువంటి కొలతకు మనుషులు, ధనం, రాజు అండ కావాలి. బిరూనీకి అవి లేవు. ఆయన వేరొక దారి త్రొక్కాడు.

సుల్తాను సేనల వెంట పంజాబుకు వచ్చినపుడు, నేటి పాకిస్తాన్‌లోని ఉప్పుకొండల ప్రాంతంలో నందనా అనే కోట వద్ద ఆయనకు అనువైన స్థలం దొరికింది. ఒక ఎత్తైన కొండ, దాని ముందు అంతులేని సమతల మైదానం. ముందుగా మైదానంలో నిలబడి రెండు చోట్ల నుండి చూచిన కోణాలతో కొండ ఎత్తును లెక్కించాడు. అది 652 మూరలకు కొంచెం పైన. తరువాత కొండ ఎక్కి, దూరాన ఆకాశం నేలను తాకే క్షితిజరేఖ తన కంటిమట్టానికి ఎంత క్రిందుగా ఉన్నదో కొలిచాడు. ఆ కోణం 34 నిమిషాలు, అంటే అర డిగ్రీకి కొంచెం ఎక్కువ. భూమి చదునుగా ఉంటే, ఎంత ఎత్తెక్కినా ఈ వంపు కనిపించదు. ఈ రెండు సంఖ్యల నుండి భూవ్యాసార్ధం లెక్కకు వస్తుంది. విమానంలో కిటికీ ప్రక్కన కూర్చున్నవానికి క్షితిజరేఖ క్రిందుగా కనిపించడానికి కారణం ఇదే.

ఈ ఆలోచన తనకే తొలిసారిగా తోచిందని ఆయన చెప్పుకోలేదు. మామూన్ కాలంలోనే దీనిని ప్రయత్నించినవారు ఉన్నారని పేర్కొన్నాడు. తన ఫలితం వారి ఫలితానికి సమీపంగా వచ్చినందుకు సంతోషించి, వారి పరికరాలు తనవాటికన్న సూక్ష్మమైనవి గనుక తరువాతి లెక్కలలో వారి సంఖ్యనే స్వీకరించాడు. తన కొలతను తానే ప్రక్కన పెట్టగలగడం సామాన్యమైన గుణం కాదు.

భారతదేశ పరిశోధన

ఇదే గుణం ఆయన భారతదేశ గ్రంథంలోనూ కనిపిస్తుంది. నలభై అయిదేళ్ళు దాటిన వయస్సులో ఆయన సంస్కృతం నేర్వడం ప్రారంభించాడు. గ్రంథాల కోసం ధనం వెచ్చించాడు. పండితుల వద్ద విద్యార్థిగా కూర్చున్నాడు. సాంఖ్య, యోగ శాస్త్ర గ్రంథాలను అరబ్బీలోకి అనువదించాడు. గ్రీకుల గణితాన్ని సంస్కృతంలో చెప్పడానికి పూనుకొన్నాడు. 1030లో పూర్తయిన ఆ గ్రంథంలో ఎనభై అధ్యాయాలు ఉన్నాయి. హిందువుల నమ్మకాలను హిందువుల గ్రంథాల నుండే ఎత్తి చూపి, నిందింపక, పొగడక, ఉన్నది ఉన్నట్లు చెప్పడం తన పద్ధతి అని ఆయన భావించాడు. తనను పోషిస్తున్న సుల్తాను దండయాత్రలు ఈ దేశపు సౌభాగ్యాన్ని ధ్వంసం చేశాయని, అందుచేతనే ఇక్కడి విద్యలు దూర ప్రాంతాలకు తరలిపోయాయని కూడ వ్రాశాడు. ఆ మాట వ్రాయడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించుకోవచ్చు.

దూరాల విచారణ ఇందులోనూ ఉన్నది. లాహోరు, పెషావరు, ముల్తాన్, నందనా మొదలైన స్థలాల అక్షాంశాలను పేర్కొన్నాడు. తాను ఆ ప్రాంతాలు దాటి దేశం లోపలికి పోలేదని దాచకుండా చెప్పాడు. కనౌజ్‌ను కేంద్రంగా చేసికొని ప్రయాగ, సోమనాథ్ మొదలుకొని దక్షిణాన రామేశ్వరం దాకా పోయే దారుల దూరాలను విని వ్రాసుకొన్నాడు. ఇక్కడ ఆయనకు ఒక చిక్కు ఎదురైంది. ఎద్దు మోయగలదని లెక్కించే బరువు నిజానికి అది ఒక్కసారి మోయలేనంత పెద్దది. కాబట్టి ఆ బరువును చేరవేయడానికి అటూ ఇటూ పలుమార్లు తిరిగిన దినాలన్నీ కలిపి దూరంగా చెబుతున్నారని ఆయన గమనించాడు. ప్రయాణకాలం వేరు, దూరం వేరు అన్న వివేకం ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. మన సిద్ధాంత గ్రంథాలు ఉజ్జయిని మీదుగా మధ్యరేఖను గ్రహించి, ఇతర స్థలాలకు చేసే దేశాంతర గణితాన్ని కూడ ఒక అధ్యాయంలో పరిశీలించి, మెచ్చవలసినచోట మెచ్చి, దిద్దవలసినచోట దిద్దాడు.

చివరి దినములు

1030లో మహమూదు మరణించాడు. అనంతరం మసూద్ కాలంలో బిరూనీకి కొంత మనశ్శాంతి లభించింది. ఖగోళశాస్త్రానికి విజ్ఞాన సర్వస్వమని చెప్పదగిన ఖానూన్ అల్ మసూదీని ఆ సుల్తానుకు అంకితం చేశాడు. అందులో ఆరు వందలకు పైగా స్థలాల అక్షాంశ రేఖాంశాల పట్టిక కలదు. కానుకగా సుల్తాను ఏనుగు మోసేటన్ని వెండి నాణేలు పంపితే, తనకు అవసరం లేదని త్రిప్పి పంపాడని చరిత్రకారులు చెబుతారు. ఖగోళశాస్త్ర ప్రాథమిక గ్రంథాన్ని ఆయన రైహానా అనే ఖ్వారిజమ్ మహిళ కోసం ప్రశ్నోత్తర రూపంలో వ్రాశాడు. ఆ కాలంలో శాస్త్రం చదువగోరిన స్త్రీలు ఉన్నారని, వారికోసం కలం పట్టిన పండితులు ఉన్నారని ఇందువల్ల తెలుస్తున్నది.

ఆయన రచనలు దాదాపు నూటయాభై. మనకు దక్కినవి ఇరవై పై చిలుకు మాత్రమే. వార్ధక్యంలో చూపు మందగించి, వినికిడి తగ్గినా, ఒక వైద్యుని సాయంతో ఔషధాల గ్రంథాన్ని సాగించాడు. సుమారు 1050లో గజ్నీలోనే కన్నుమూశాడు. మరణశయ్య మీద ఉండగా చూడవచ్చిన ఒక న్యాయపండితుని ఆయన వారసత్వ ధర్మంలోని ఒక సమస్యను గురించి అడిగాడట. ఈ స్థితిలో ఇది ఎందుకని ఆ పండితుడు సంకోచించాడు. తెలియకుండా పోవడం కన్న తెలిసికొని పోవడం మేలన్నది బిరూనీ భావం. పండితుడు సమస్యను వివరించి సెలవు తీసుకొని వీధిలోకి వచ్చేసరికి ఇంటిలో నుండి రోదన వినిపించిందని కథనం.

చంద్రుని మీద ఒక బిలానికి నేడు ఆయన పేరు కలదు. గ్రహణ సమయాన ఏ చంద్రుని చూచి ఆయన నగరాల దూరం తేల్చాడో, ఆ చంద్రుని మీదనే ఆయన పేరు నిలవడం సముచితంగా ఉన్నది. మనకు ఇంకా దగ్గరి సంబంధం ఒకటి కలదు. 1888లో స్థాపితమైన మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ఖానూన్ అల్ మసూదీని 1954–56 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా అచ్చు వేసింది. ఆయన భారతదేశ గ్రంథపు అరబ్బీ మూలాన్ని కూడ 1958లో ప్రచురించింది. ప్రపంచమంతటా పరిశోధకులు ఆ హైదరాబాదు ప్రతులనే చేతబట్టి బిరూనీని చదివారు.

విద్యార్థినీ విద్యార్థులారా! చదువుకోసమో, ఉద్యోగంకోసమో మీలో కొందరు రేపు విమానమెక్కి దూరదేశాలకు పోతారు. టిక్కెట్టు మీద బయలుదేరే కాలం ఒక నగరపు గడియారంలోను, చేరే కాలం మరొక నగరపు గడియారంలోను వ్రాసి ఉంటాయి. ఆ రెండింటి తేడాను కాత్‌లో ఒక యువకుడు, బాగ్దాదులో ఒక వృద్ధుడు ఒక గ్రహణపు రాత్రి కలిసి కొలిచారని తలచుకోండి. వీలైతే ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలోని దాయిరతుల్ మఆరిఫ్‌కు పోయి, ఆ మూడు సంపుటాలను ఒకసారి చూచి రండి. అందులోని పట్టికలలో ఒక్కొక్క అంకె వెనుక ఒక్కొక్క ప్రయాణం, ఒక్కొక్క రాత్రి జాగారం ఉన్నాయి.